అటక మీద దొరికిన హై-ఫై: ఏది చెడుతుంది, ఏది చెడదు

అటక సర్దుతుంటే పాత యాంప్లిఫయరో టర్న్‌టేబులో బయటపడితే చాలామంది మొదట చేసే పని, పైపైన దుమ్ము దులిపి ప్లగ్గు పెట్టి చూడడం. పనిచేస్తుందో లేదో నిమిషంలో తేలిపోతుందని ఆశ. ఇరవై ముప్పై ఏళ్లు మూలన పడి ఉన్నా చెడని భాగాలు కొన్ని సరిగ్గా ఆ నిమిషంలోనే చెడతాయి. కాలిన వాసన వచ్చాక "పాతది కదా, పోయింది" అనుకుంటాం. అది దానంతటది పోలేదు, మనం పోగొట్టాం.

ఇంకో రకం వాళ్లున్నారు. మూత విప్పారంటే లోపలి కెపాసిటర్లన్నీ (చార్జిని నిల్వ చేసే భాగాలు) పీకేసి కొత్తవి వేస్తే గానీ వాళ్లకు నిద్ర పట్టదు. ఆ ఉత్సాహంలో రాగి గీతలు లేచిపోయి, ప్లస్సు మైనస్సు తారుమారై, అంతకుముందు చిన్న జబ్బుతో ఉన్న సెట్టు పెద్ద జబ్బున పడుతుంది.

ఈ రెండు తొందరలకూ మూలం ఒకటే, సెట్టు మొత్తాన్ని ఒకే వస్తువుగా చూడడం. సర్క్యూట్‌కు వయసు రాదు. 1959లో గీసిన డయాగ్రం ఈరోజు కూడా అంతే బాగా పనిచేస్తుంది. వయసు మీద పడేది పదార్థాలకు. ద్రవం ఆరిపోతుంది, రబ్బరు గట్టిపడుతుంది లేదా బంకలా కరుగుతుంది, గ్రీజు గడ్డకడుతుంది, లోహానికి చిలుము పడుతుంది, స్పాంజి పొడైపోతుంది. రాగి తీగ, ఇనుప కోర్, పింగాణీ, గాజు, ప్లాస్టిక్ ఫిల్మ్ మాత్రం దాదాపు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. కాబట్టి ఏ భాగాన్ని చూసినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న, ఇది దేనితో చేశారు అని. ఎంత పాతదన్నది ఆ తర్వాతి సంగతి.

అటక వల్ల ఇంకో చిక్కు ఉంది. కప్పుకు ఆనుకుని ఉన్న చోటు కాబట్టి పగలు కాగుతుంది, రాత్రి చల్లారుతుంది, ఆ మార్పుకు లోహం మీద తేమ పడుతుంది. ఎలుకలు చేరితే వాటి మూత్రం సర్క్యూట్ బోర్డు మీది రాగిని తినేస్తుంది. పెంటికలు కనిపిస్తే పొడి బ్రష్షుతో రేపకండి. మాస్క్, గ్లవ్స్ పెట్టుకుని తడిగుడ్డతో తీయాలి. పాత నూనె కెపాసిటర్ల నుంచి జిడ్డు కారి ఉంటే దాన్నీ ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. కొన్నింటిలో పీసీబీ అనే విషపు నూనె వాడేవారు. అమెరికా 1979లో దాన్ని నిషేధించింది, అంతకుముందు తయారైన నూనె కెపాసిటర్‌ను అనుమానించడమే మంచిది.

మూత విప్పాక చాలాసేపు ఊరికే చూడండి. ఉబ్బిన డబ్బాలు, కారిన చారలు, నల్లబడిన రెసిస్టర్లు, ఎవరో హడావిడిగా వేసిన టంకం. ఫ్యూజు చుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి రేకు చుట్టి ఉంటే మీకన్నా ముందే ఒకరు ఓడిపోయారన్నమాట. అలాంటి సెట్టులో ఫ్యూజు ఎందుకు కొట్టేసిందో తేలేదాకా కరెంటు మాటే ఎత్తకూడదు.

వెనక వైపు వోల్టేజీ ఎంత అని రాసి ఉందో కూడా చూడాలి. జపాన్‌లో వాడుకకు చేసినవి 100 వోల్టులవి, అమెరికావి 117 లేదా 120. వాటిని 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఫ్యూజు కాపాడితే కాపాడుతుంది, లేకపోతే లేదు. 220 వోల్టులకు చేసినదాన్ని 240 వోల్టుల మీద నడిపినా తేడా వస్తుంది. లోపలి వోల్టేజీలన్నీ దాదాపు 9 శాతం పెరుగుతాయి, వాల్వుల (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాలు) హీటర్‌కు 6.3 బదులు 6.9 వోల్టులు అందుతాయి. కొన్ని సెట్లకు వెనక సెలెక్టర్ ఉంటుంది, దాన్ని సరైన చోట పెట్టుకుంటే చాలు.

అసలు చెడేది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్

దీని లోపల రెండు అల్యూమినియం రేకులు, మధ్యలో ద్రవంలో నానిన కాగితం ఉంటాయి. వాటిని చుట్టగా చుట్టి డబ్బాలో దించి అడుగున రబ్బరు బిరడా కొడతారు. వోల్టేజీని ఆపేది ఆ కాగితం అనుకుంటారు గానీ, ఆపేది ఒక రేకు మీద పెంచిన అల్యూమినియం ఆక్సైడ్ పొర. 400 వోల్టుల కెపాసిటర్‌లో కూడా దాని మందం సుమారు అర మైక్రాన్ మాత్రమే. కెపాసిటర్ వాడకంలో ఉన్నంతకాలం దాని మీద పడే వోల్టేజీయే ఈ పొరను ఎప్పటికప్పుడు మరమ్మతు చేస్తుంటుంది. ఏళ్ల తరబడి వోల్టేజీ లేకపోతే పొర అక్కడక్కడా పలచబడుతుంది. అప్పుడు ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే ఆ పలచటి చోట్ల కరెంటు లీకవుతుంది, డబ్బా వేడెక్కుతుంది, ద్రవం ఆవిరై లోపల ఒత్తిడి పెరిగి చివరికి బుస్సుమంటుంది. అదే కెపాసిటర్‌కు ఒక రెసిస్టర్ ద్వారా కొద్దికొద్దిగా వోల్టేజీ పెంచుతూ గంటల తరబడి ఆగితే లీకేజీ మెల్లగా తగ్గుతూ పొర మళ్లీ కట్టుకుంటుంది. దీన్ని రీఫార్మింగ్ అంటారు.

రెండో జబ్బు వేరు. రబ్బరు బిరడా గుండా ద్రవం ఏళ్ల మీద ఆవిరైపోతుంది. అలా ఆరిపోయిన కెపాసిటర్‌లో అంతర్గత నిరోధం, అంటే ఈఎస్‌ఆర్, పెరిగిపోతుంది, కెపాసిటెన్స్ పడిపోతుంది. దీన్ని రీఫార్మింగ్ బాగుచేయలేదు, కొత్తది వేయాల్సిందే. పాత కెపాసిటర్లను ఉంచాలా తీసేయాలా అన్న వాదనలు ఎప్పటికీ తెగకపోవడానికి ఒక కారణం, ఈ రెండు జబ్బుల్నీ కలిపి ఒకటే అనుకోవడం. పొర పలచబడినది బతుకుతుంది, ద్రవం ఆరినది బతకదు. డబ్బా పైన చూసి ఏది ఏదో చెప్పలేం. లీకేజీ కొలవాలి, ఈఎస్‌ఆర్ మీటర్ పెట్టాలి.

వేడి ఎంత పని చేస్తుందో ఒక లెక్కలో తెలుస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని ఇంజినీర్ల లెక్క. 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలని ముద్రించిన కెపాసిటర్ 45 డిగ్రీల దగ్గర 32,000 గంటలు రావాలి. రోజుకు మూడు గంటలు పాట వింటే అది 29 ఏళ్లు. వేడిని బయటికి పంపే హీట్‌సింక్‌ను ఆనుకుని ఉన్నది మాత్రం అంతకాలం రాదు. ఒకే బోర్డు మీద, ఒకే కంపెనీ, ఒకే ఏడాది తయారైన రెండు కెపాసిటర్లలో ఒకటి ఎండిపోయి, ఇంకోటి కొత్తదానిలా ఉండడం ఇందుకే. చిన్న డబ్బాలలో ద్రవం కొంచెమే కాబట్టి అవి పెద్దవాటికన్నా ముందు ఎండుతాయి. చూడగానే కన్ను మాత్రం పెద్ద డబ్బాల మీదికే పోతుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు

సిరీస్ ల్యాంప్ గురించి ఎలక్ట్రీషియన్లకు చెప్పక్కర్లేదు. మెయిన్స్ లైన్‌కూ సెట్టుకూ మధ్య ఒక ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో కలపడమే. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. ఇందులో ఉన్న కిటుకంతా టంగ్‌స్టన్ తీగది. 230 వోల్టుల, 100 వాట్ల బల్బు పూర్తిగా వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 530 ఓమ్‌లు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. అంటే సెట్టు తక్కువ కరెంటు తీసుకుంటుంటే బల్బు అక్కడ లేనట్టే ఉంటుంది. లోపల షార్ట్ ఉంటే బల్బు వేడెక్కి, తానే అడ్డుగోడై నిలుస్తుంది. అప్పుడు ఎంత పెద్ద షార్టయినా 0.43 యాంపియర్ దాటి కరెంటు పోదు.

స్విచ్ వేయగానే బల్బు ఒకసారి భగ్గున వెలిగి, రెండు మూడు సెకన్లలో మసకబారిందంటే సరఫరాను నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లు నిండాయి, సెట్టు శాంతించింది అని అర్థం. వెలిగింది వెలిగినట్టే ఉండిపోతే వెంటనే ఆపి షార్ట్ వెతకాలి. మసకబారి, తర్వాత నెమ్మదిగా మళ్లీ వెలుగు పెరుగుతుంటే ఏదో లోపల వేడెక్కుతోంది. ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. నా లెక్కలో ఇదే అన్నింటికన్నా ముఖ్యమైన సూచన. ఎందుకంటే షార్ట్ ఎలాగూ కనిపిస్తుంది, ఇది మాత్రం బల్బు తీసేశాక, స్పీకర్లు తగిలించాక బయటపడుతుంది.

వేరియాక్‌తో (మెయిన్స్ వోల్టేజీని తగ్గించి, పెంచే ట్రాన్స్‌ఫార్మర్) వోల్టేజీని సున్నా నుంచి గంటల తరబడి పెంచడం ఇంకో పద్ధతి. సిలికాన్ డయోడ్లున్న సెట్టుకు అది పనికొస్తుంది. వాటి బదులు వాల్వ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) ఉంటే దాని హీటర్ సరిపడా వేడెక్కేదాకా కెపాసిటర్లకు దాదాపు ఏమీ అందదు. వేడెక్కాక ఒక్కసారిగా అందుతుంది. మెల్లగా పెంచుతున్నామన్నది మన భ్రమే.

కట్టేసి ప్లగ్గు పీకాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో చార్జి నిలిచే ఉంటుంది. వాల్వ్ యాంప్లిఫయర్‌లో 100 మైక్రోఫారడ్లు 400 వోల్టుల మీద ఉంటే అందులో నిల్వ ఉన్న శక్తి 8 జౌళ్లు. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌లో 10,000 మైక్రోఫారడ్లు 40 వోల్టుల మీద ఉన్నా సరిగ్గా అంతే. రెండో దాంట్లో స్క్రూడ్రైవర్ జారితే దాని కొన కరిగి కళ్లు బైర్లు కమ్ముతాయి, అంతే. మొదటి దాంట్లో వేలు జారితే ప్రాణం పోవచ్చు, 400 వోల్టులకు చర్మం అడ్డం కాదు. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టప్పుమనిపించడం ధైర్యం కాదు. మంచి కొలతల రెసిస్టర్ ఒకటి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులకు కట్టి పెట్టుకోవాలి. 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఆ 100 మైక్రోఫారడ్లు ఐదు సెకన్లలో 3 వోల్టుల లోపుకు దిగుతాయి. దిగిందో లేదో మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. మెయిన్స్ వైపు కొలతలు అలవాటు లేనివాళ్లు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయి, మిగతాది తెలిసినవాళ్లకు ఇవ్వడంలో నామోషీ ఏమీ లేదు.

వాల్వ్ సెట్టులో చూడాల్సింది వాల్వులు కాదు

వాల్వులు అందరూ అనుకున్నంత త్వరగా పోవు. గాజు లోపల పైభాగంలో అద్దంలా మెరిసే పూత వెండి రంగులో ఉంటే లోపలికి గాలి చేరలేదన్నమాట. పాలలా తెల్లబడితే ఆ వాల్వు పని అయిపోయింది. మిగతావి టెస్టర్ మీద చూసుకోవచ్చు. ముందు అనుమానించాల్సింది వాటికి సిగ్నల్ అందించే కప్లింగ్ కెపాసిటర్లను. పాతకాలపువి కాగితం, మైనంతో చేసినవి, ఏళ్ల మీద తేమ పీలుస్తాయి. ముందు దశలోని వందల వోల్టుల్లో కొన్ని వోల్టులు వాటి గుండా జారి అవుట్‌పుట్ వాల్వ్‌లో కరెంటును అదుపు చేసే గ్రిడ్ మీదికి చేరితే చాలు, ఆ వాల్వు హద్దు లేకుండా కరెంటు లాగి దాని ప్లేటు ఎర్రగా కాలుతుంది. దాంతోపాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతే ఇక ఆ సెట్టులో మిగిలేది పెట్టె. కాగితపు కప్లింగ్ కెపాసిటర్లను కొలిచి చూసేదాకా కూడా ఆగక్కర్లేదు, నేరుగా ఫిల్మ్‌వి వేసేయవచ్చు. అన్నీ మార్చేయడం వద్దని చెప్పే నేను కూడా ఇక్కడ రాజీపడను.

డైనాకో ఎస్‌టీ-70 అనే వాల్వ్ యాంప్లిఫయర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 1959లో వచ్చింది, ఒక్కో చానెల్‌కు 35 వాట్లు, ఒక్కో వైపు రెండు ఈఎల్34 వాల్వులు. అవుట్‌పుట్ వాల్వుల గ్రిడ్లకు మైనస్ వోల్టేజీ ఇచ్చే చిన్న బయాస్ సరఫరా ఇందులో ఉంటుంది, దానికి సెలీనియం రెక్టిఫయర్ వాడారు. సెలీనియం పలకలకు వయసు వస్తే నిరోధం పెరుగుతుంది, అవి ఇచ్చే మైనస్ వోల్టేజీ తగ్గుతుంది. అది తగ్గితే నాలుగు వాల్వులూ ఒకేసారి ఎక్కువ కరెంటు లాగుతాయి. ఒక అగ్గిపెట్టెంత కూడా లేని ఆ ముక్కను నమ్ముకుని ఖరీదైన నాలుగు వాల్వులు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు బతుకుతున్నాయన్నమాట. సెలీనియం కాలితే వచ్చే పొగ విషం, వాసన కూడా భరించలేం. దాని బదులు సిలికాన్ డయోడ్ వేస్తే మైనస్ వోల్టేజీ కాస్త పెరుగుతుంది, కాబట్టి బయాస్‌ను మళ్లీ సరిచేయాలి. అందుకు ముందు వైపే ఒక కొలిచే చోటు ఇచ్చారు. అక్కడ 15.6 ఓమ్‌ల రెసిస్టర్ మీద 1.56 వోల్టులు రావాలి. అంటే రెండు వాల్వులకు కలిపి 100 మిల్లీయాంపియర్లు, ఒక్కోదానికి 50. ఇంట్లో మీటర్‌తోనే చూసుకునేలా తయారీదారుడే ఏర్పాటు చేశాడు. తర్వాత వచ్చిన ఎన్నో ఖరీదైన యాంప్లిఫయర్లలో ఈ మర్యాద లేదు.

ఫిల్టర్ కెపాసిటర్ మార్చేటప్పుడు విలువ పెంచితే మేలని ఒక నమ్మకం ఉంది. జీజెడ్34 రెక్టిఫయర్ వాల్వుకు మొదటి కెపాసిటర్ 60 మైక్రోఫారడ్లు దాటకూడదని డేటాషీట్ చెబుతుంది. 200 వేస్తే స్విచ్ వేసిన ప్రతిసారీ ఆ వాల్వు ఓర్చుకోలేనంత కరెంటు దాని గుండా పోతుంది. 50 బదులు 47, 20 బదులు 22 దొరికితే మాత్రం నిశ్చింతగా వేయవచ్చు, పాత ఎలక్ట్రోలైటిక్‌ల మీద రాసిన విలువకు అసలు విలువకు అంతకన్నా ఎక్కువ తేడానే ఉండేది.

ట్రాన్సిస్టర్ సెట్టు, రెండు చానెళ్ల వరం

డెబ్భైలలోని రిసీవర్లు (యాంప్లిఫయర్, రేడియో ట్యూనర్ కలిసినవి) ఇప్పుడు జనం ఎక్కువగా వెతికేవి. వాట్ల పోటీ ఎక్కడిదాకా పోయిందంటే 1978లో వచ్చిన పయొనీర్ ఎస్‌ఎక్స్-1980కి ఒక్కో చానెల్‌కు 270 వాట్లు. 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాట్లను ఎలా కొలిచి చెప్పాలో నిబంధన పెట్టింది. అందుకే అంతకుముందు సెట్ల మీది వాట్లను మరీ నమ్మకూడదు. ఆ కాలపు సెట్లలో చాలావాటికి విడివిడి భాగాలే, సర్వీస్ మాన్యువల్ దొరుకుతుంది, ప్రతి బోర్డునూ విప్పి చేతిలోకి తీసుకోవచ్చు. తర్వాతి కాలంలో అవుట్‌పుట్ దశ మొత్తాన్ని ఒకే హైబ్రిడ్ మాడ్యూల్‌లో పోత పోశారు. అది కాలితే అసలైనది దొరకడం కష్టం, మార్కెట్లో నకిలీలు చాలా ఉన్నాయి. బాగుచేయడానికి రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే పాతదాన్నే ఎంచుకుంటాను.

స్పీకర్లు తగిలించక ముందే టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజీ, అంటే డీసీ ఆఫ్‌సెట్, కొలవాలి. కొన్ని పదుల మిల్లీవోల్టులుంటే ఫర్వాలేదు, వందల్లో ఉంటే కారణం వెతకాలి, వోల్టుల్లో ఉంటే స్పీకర్ జోలికే పోవద్దు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయి 40 వోల్టులు నేరుగా 8 ఓమ్‌ల స్పీకర్ మీద పడితే 200 వాట్లు వేడిగా మారి వాయిస్ కాయిల్‌ను కాల్చేస్తాయి. పాట వినపడదు, ఒక్క 'ధబ్' వినపడుతుంది.

తర్వాత బయాస్, అంటే పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండా పోయే కొద్దిపాటి కరెంటు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల ఎమిటర్ రెసిస్టర్ మీద మిల్లీవోల్టులు కొలిచి చిన్న ట్రిమ్మర్‌తో (స్క్రూడ్రైవర్‌తో తిప్పే రెసిస్టర్) సరిచేస్తారు. అర ఓమ్ రెసిస్టర్ మీద 15 మిల్లీవోల్టులంటే 30 మిల్లీయాంపియర్లు. ఎంత ఉండాలో మాన్యువల్ చెబుతుంది. ఆ ట్రిమ్మర్ తిప్పేటప్పుడే అసలు ప్రమాదం. దాని కార్బన్ పట్టీకి చిలుము పట్టి ఒక్క క్షణం కాంటాక్ట్ తప్పితే, కొన్ని సర్క్యూట్లలో బయాస్ అమాంతం పెరిగి ట్రాన్సిస్టర్లు పోతాయి. ముందు కొత్త ట్రిమ్మర్ వేసి, దాన్ని తక్కువ బయాస్ వైపు తిప్పి ఉంచి మొదలుపెట్టడం క్షేమం.

స్టీరియో సెట్టు బాగుచేసేవాళ్లకున్న సుఖం మోనో రేడియోవాళ్లకు లేదు. ఎడమ చానెల్ చెడితే కుడిది పక్కనే ఉంది, అదే సర్క్యూట్, అవే భాగాలు. కరెంటు లేకుండా మీటర్ పెట్టి ఎడమ బోర్డులో ఒక చోటి నిరోధం, కుడి బోర్డులో అదే చోటిది చూసుకుంటూ పోతే ఎక్కడ తేడా వస్తుందో అక్కడే దొంగ. మాన్యువల్ దొరకని సెట్టుకు కూడా ఇది పనిచేస్తుంది. అన్నీ ఒకేసారి మార్చేసేవాళ్లు పోగొట్టుకునేది ఈ ఆధారాన్నే. రెండు వైపులా మార్చేశాక సరిపోల్చడానికి పాతదేదీ మిగలదు.

ట్రాన్సిస్టర్లకు వయసు రాదని ఒక మాట ఉంది, దానికి మినహాయింపులున్నాయి. అరవైలలోని ట్యూనర్లలో వాడిన ఏఎఫ్114 నుంచి ఏఎఫ్117 దాకా ఉన్న జెర్మేనియం ట్రాన్సిస్టర్ల డబ్బా లోపల తగరపు మీసాలు మొలుస్తాయి. వెంట్రుకకన్నా సన్నటి ఆ మీసం డబ్బానూ లోపలి కాళ్లనూ కలిపేస్తుంది. వీటికి నాలుగు కాళ్లుంటాయి, నాలుగోది డబ్బాకు కలిపినది, దాన్ని కత్తిరిస్తే చాలాసార్లు ట్యూనర్ మళ్లీ పలుకుతుంది. డెబ్భైలలోని కొన్ని జపాన్ ట్రాన్సిస్టర్ల కాళ్లకు వెండి పూత వేశారు. ఇంట్లో వెండి సామాను నల్లబడినట్టే అవీ నల్లబడతాయి, గాలిలోని గంధకం పని అది. 2ఎస్‌సీ458 రకం అలాంటివాటిలో పేరుమోసింది, పాట వెనక చిటపటలాడుతుంటే ముందు దాన్నే చూస్తారు.

అప్పటి తయారీలో కదలకుండా ఉండడానికి పెద్ద కెపాసిటర్ల అడుగున లేత పసుపు జిగురు పోసేవారు. ఏళ్ల వేడికి అది ముదురు గోధుమ రంగుకు మారి, తేమ లాగి, విద్యుత్తును కొంచెం కొంచెం పోనిస్తుంది, పక్కనున్న తీగల్ని తినేస్తుంది. కెపాసిటర్లన్నీ మంచివే అని తేలినా సెట్టు బాగుపడకపోతే ఈ జిగురు గీకి చూడాలి.

మరి అన్నీ మార్చాలా?

నా అభిప్రాయం ఇది. మెయిన్స్ వైపు ఉన్న పాత మెటలైజ్డ్ కాగితపు కెపాసిటర్లు వెంటనే మార్చాలి. వాటి పారదర్శకమైన పైపూత పగిలి, తేమ పీల్చి, స్విచ్ వేసిన కొద్ది నిమిషాలకు గదినిండా పొగ నింపుతాయి. వాటి స్థానంలో మెయిన్స్ కోసమే ధ్రువీకరించిన ఎక్స్ లేదా వై తరగతివే వేయాలి, అదే వోల్టేజీ ఉన్న మామూలుది కాదు. వాల్వ్ సెట్టులో కాగితపు కప్లింగ్ కెపాసిటర్లు, సెలీనియం కూడా చర్చ లేకుండా మార్చేవే. వేడి పక్కనున్న ఎలక్ట్రోలైటిక్‌లు, చిన్న విలువవి ఆ తర్వాత. మిగతావి కొలిచి నిర్ణయించాలి. ఫిల్మ్, సిరామిక్, మైకా కెపాసిటర్లను చెడ్డవని రుజువయ్యేదాకా ముట్టుకోనక్కర్లేదు. ఒక బోర్డు చేయడం, సెట్టు నడిపి చూడడం, తర్వాత ఇంకో బోర్డు. కొంచెం విసుగే. కానీ ఇరవై మార్చి స్విచ్ వేస్తే పొగ వచ్చిందనుకోండి, ఆ ఇరవైలో ఏది తిరగేసి పెట్టారో వెతకడం అంతకన్నా విసుగు.

కెపాసిటర్లకు అంటగట్టే నేరాల్లో సగం నిజానికి కాంటాక్టులవి. వాల్యూమ్ తిప్పితే గరగర, స్విచ్ కదిపితే ఒక చానెల్ రావడం, పోవడం. చిన్న సౌండులో ఒక వైపు వినపడకుండా, ఒకసారి వాల్యూమ్ బాగా పెంచగానే వచ్చేసిందంటే అది దాదాపుగా స్పీకర్ రిలే, అంటే స్పీకర్లను కలిపి విడదీసే స్విచ్. దాని కాంటాక్టుల మీది చిలుము చిన్న సిగ్నల్‌ను ఆపి, పెద్ద సిగ్నల్‌కు లొంగుతుంది. కాంటాక్ట్ క్లీనర్‌ను లోపలి పట్టీ మీద పడేలా కొట్టి, నాబ్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు చాలాసార్లు తిప్పాలి. ఇంట్లో తలుపు బందులకు కొట్టే డబ్ల్యూడీ-40 ఇక్కడ వద్దు, తేమను తోలడానికి చేసిన ఆ మామూలు స్ప్రే జిడ్డు మిగిల్చి దుమ్మును పిలుస్తుంది.

టర్న్‌టేబుల్, స్పీకర్లు

టర్న్‌టేబుల్ మూడు రకాలుగా తిరుగుతుంది. గారార్డ్ 301 లాంటివి రబ్బరు చక్రంతో, 1965లో వచ్చిన థోరెన్స్ టీడీ 150 లాంటివి బెల్టుతో, 1970లో టెక్నిక్స్ ఎస్‌పీ-10తో మొదలైనవి నేరుగా మోటారుతో. అటక మీద మొదటి రెండు రకాల్లో రబ్బరు పోతుంది. బెల్టు కరిగి తారులా అంటుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది వేస్తే సరి. చక్రం ఒకే చోట ఏళ్లు నొక్కుకుని ఉంటే చదును పడి ప్రతి చుట్టుకూ 'దడ్' మంటుంది. బేరింగ్‌లో గడ్డకట్టిన గ్రీజు తీసి కొత్త నూనె వేయాలి. వేగం తగ్గిందని మోటారును తిట్టేముందు ఒకటి చూడండి. ఏసీ సింక్రనస్ మోటారున్న టేబుల్‌ను 60 హెర్ట్జ్‌కు చేసి ఉంటే 50 హెర్ట్జ్ మీద 33⅓ బదులు సుమారు 27.8 చుట్లే తిరుగుతుంది. పుల్లీ మారిస్తే చాలు.

సూది వజ్రమే, కానీ అది కూర్చున్న సన్నటి కడ్డీని, అంటే కాంటిలివర్‌ను, పట్టుకునేది రబ్బరు ముక్క. అది గట్టిపడిన సూదితో రికార్డు వేస్తే గాడిని చెక్కేస్తుంది, ఆ నష్టం ఎవరూ బాగుచేయలేరు. సూది మార్చాకే మంచి రికార్డు పెట్టాలి. పాత క్రిస్టల్ కార్ట్రిడ్జిల (సూది కదలికను సిగ్నల్‌గా మార్చేవి) సంగతి ఇంకా తమాషా. వాటి లోపలిది రోషెల్ సాల్ట్ అనే ఉప్పు స్ఫటికం, తేమకు కరుగుతుంది, సుమారు 55 డిగ్రీలకు విచ్ఛిన్నమైపోతుంది. అటక మీద అలాంటిది బతికి ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. ప్రీయాంప్లిఫయర్ మీద రికార్డుల కోసం రకరకాల ఈక్వలైజేషన్ (బాస్, ట్రెబుల్ పాళ్లు సరిచేసే) స్థానాలు కనిపిస్తే అది లోపం కాదు. 1954లో ఆర్‌ఐఏఏ కర్వ్ ప్రమాణంగా రాకముందు ఒక్కో రికార్డు కంపెనీది ఒక్కో పద్ధతి.

స్పీకర్లలో కోను అంచున ఉండే చుట్టు ఫోమ్‌దైతే వేలు తగిలితేనే పొడిగా రాలుతుంది. పాలియురేథేన్‌ను గాలిలోని తేమే విరగ్గొడుతుంది, వాడినా వాడకపోయినా ఒకటే. గుడ్డతోనో రబ్బరుతోనో చేసినవి చాలాకాలం నిలుస్తాయి. ఫోమ్ చుట్టు విడిగా దొరుకుతుంది, పాత జిగురు గీకి కొత్తది అతికించవచ్చు. కష్టమల్లా వాయిస్ కాయిల్‌ను సరిగ్గా మధ్యలో నిలపడం. జిగురు ఆరకముందు 20, 30 హెర్ట్జ్ స్వరాన్ని చాలా తక్కువ సౌండులో పెట్టి, గీరుకునే చప్పుడు లేని చోట కోనును ఆపుతారు. 1954లో వచ్చిన ఏఆర్-1 తరహాలో గాలి చొరబడకుండా మూసిన పెట్టె అయితే, కోనును మెల్లగా లోపలికి నొక్కి వదిలి చూడండి. అది తీరిగ్గా వెనక్కి రావాలి. టక్కున వస్తే ఎక్కడో గాలి పోతోంది, బాస్ పలచబడేది అందుకే. బాస్‌నూ హెచ్చు స్వరాలనూ విడదీసే క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలైటిక్‌ల బదులు ఫిల్మ్‌వి వేస్తే ఈఎస్‌ఆర్ తగ్గి ట్వీటర్ (హెచ్చు స్వరాల చిన్న స్పీకర్) కాస్త గట్టిగా పలుకుతుంది. కొందరు దాన్ని మెరుగుదల అంటారు. స్పీకర్ తయారుచేసినవాళ్లు ఆ నిరోధాన్ని కూడా లెక్కలో పెట్టుకుని ఉంటే అది మెరుగుదల కాదు, ఒక చిన్న రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి పాత స్వరానికి దగ్గరగా తేవచ్చు.

అన్నీ అయ్యాక సెట్టును బల్బు లేకుండా, పాత స్పీకర్లతో కొన్ని గంటలు వదిలేసి డీసీ ఆఫ్‌సెట్, బయాస్ మళ్లీ కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న అంకెలు వేడెక్కాక జరుగుతాయి, ఆ జరగడం రెండు చానెళ్లలో ఒకేలా ఉండాలి. మెరుగు పెట్టడం చివరి పని. ముందు ప్యానెల్‌ను గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల సబ్బు కలిపి తుడిస్తే చాలు. డయల్ గాజు వెనక వైపు మాత్రం ఏ క్లీనరూ కొట్టకండి. స్టేషన్ అంకెలు ఆ వైపునే అచ్చువేసి ఉంటాయి, ఒక్క తుడుపుకు మొత్తం గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి.